ఆమె ఒంటికి మన సంతకం అక్కర్లేదు
(శుక్రవారం క్యాంపు మీటింగులో మాట్లాడిన మాటలు)



జీతాలు, వీసాలు, ఇన్సూరెన్సు గురించి ప్రతి వారం మాట్లాడుకుంటాం. ఈ రోజు సిగ్గుపడి దాచుకునే సంగతి మాట్లాడదాం. పిల్లలు ఎప్పుడు, ఎంతమంది, ఆపరేషన్ ఎవరికి? మన ఇళ్ళల్లో ఇది ఎవరు నిర్ణయిస్తున్నారు?

మనలో చాలామందికి రెండేళ్ళకోసారి లీవు. రెండు నెలలుండి విమానం ఎక్కేస్తాం. ఆ తర్వాత నెల తప్పితే మోసేది ఆమె, ఆస్పత్రికి తిరిగేది ఆమె. నిర్ణయం మాత్రం మనం ఫోన్లో చెప్తాం, లేకుంటే అక్కడ మన అమ్మ చెప్తుంది. "మా ఆయన్ని అడిగి చెప్తా" అని ఆమె డాక్టరమ్మ దగ్గర్నుంచి లేచొస్తుంది. మనం డ్యూటీలో ఉండి ఫోన్ ఎత్తం. అట్లా వారాలు గడిచిపోతాయి.

చట్టం ఏం చెప్తుందో వినండి. 1971 నాటి గర్భస్రావ చట్టాన్ని 2021లో సవరించారు. చట్టం ఒప్పుకున్న కారణం ఉంటే, 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. గర్భం రాకుండా వాడిన సాధనం పనిచేయకపోవడం కూడా అందులో ఒక కారణం. 18 ఏళ్ళు నిండిన స్త్రీకి ఆమె ఒప్పుకోలు చాలు, భర్త సంతకం అడగదు. ఆడపిల్లని తెలుసుకుని తీయించడం మాత్రం నేరం. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి కూడా ప్రభుత్వ నిబంధనల్లో భర్త సంతకం తప్పనిసరి కాదు. కొన్నిచోట్ల అలవాటుగా అడుగుతారు, అంతే.

ఆపరేషన్ ఒక్కటే దారి కాదు. సర్కారు దవాఖానలో కాపర్-టి, మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, ఛాయా మాత్రలు ఉచితం. ఏది తన ఒంటికి సరిపడుతుందో ఆశా అక్కని, నర్సమ్మని అడిగి ఆమే ఎంచుకోవాలి.

మన వంతు కూడా చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో, దేశంలో పెళ్ళయిన ఆడవాళ్ళు 100 మందిలో సుమారు 38 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళ ఆపరేషన్ మీద ఆధారపడ్డ జంటలు నూటికి ఒక్కటి కూడా లేవు. మగవాళ్ళకి చేసేది కుట్లు లేని చిన్న ఆపరేషన్, అదే రోజు ఇంటికి రావచ్చు. మగతనం తగ్గదు. బరువు పనికి వారం ఆగాలి. అయితే మూడు నెలలు నిరోధ్ వాడి, ఆ తర్వాత వీర్య పరీక్ష చేయించుకోవాలి. మన లీవు అంతకంటే చిన్నది. అందుకే లీవు మొదట్లోనే చేయించుకోండి. పరీక్ష అయ్యేదాకా, మళ్ళీ వెళ్ళినా నిరోధ్ మానొద్దు.

ఇంకో మాట. రెండేళ్ళ దూరం మనకెంతో ఆమెకీ అంతే. అయినా ఆమె ఈ రోజు వద్దంటే ఆగాలి. డబ్బు పంపిస్తున్నాం కదా అని అది మన హక్కు అయిపోదు. ఇక్కడ ఎవరికైనా పొరపాటు జరిగుంటే, ఇంటికెళ్ళగానే ముందు హెచ్‌ఐవీ పరీక్ష. సర్కారు కేంద్రాల్లో ఉచితం, వివరాలు బయటికి చెప్పరు. ఇండియాలో 1097కి ఫోన్ చేసి అడగొచ్చు.

ఈ రాత్రి పక్క మంచం వాళ్ళు వినని చోట నిలబడి ఫోన్ చేయండి. "నీకేం కావాలి?" అని అడగండి. ఆమె చెప్పేదాకా ఆగండి. ఆ తర్వాత మీ అమ్మకి కూడా మీరే చెప్పండి: ఈ విషయంలో నా భార్య మాటే నా మాట అని.