అందరికీ అందవలసిన విజ్ఞానం

(సుపేలాలో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మనం కూర్చున్న ఈ చోటికి అల్లంత దూరంలో ఉన్న ఉక్కు కర్మాగారం అనువాదకుల కృషి ఫలితం కూడా అంటే మీరు ఆశ్చర్యపడవచ్చు. 1955లో సోవియట్ ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ కాలంలో రష్యన్ నిపుణుల మాటలను మన ఇంజనీర్లకు దుబాసీలు అందించారు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వచ్చిన మన పెద్దలు తాము విన్న హిందీని మనసులోనే తెలుగు చేసుకొని పని నేర్చుకొన్నారు. విద్య చేతికందిన తరువాతనే ఉక్కు చేతికి వచ్చింది.

నేడు శాస్త్ర పరిశోధనలు చాలావరకు ఇంటర్నెట్‌లో ప్రచురితమవుతున్నాయి. అయితే అవి మన చేతికి అందుతున్నాయా? నా వృత్తిలో ఎదురైన ఒక చిన్న సంగతి చెబుతాను.

సికిల్ సెల్ వ్యాధి పేరు ఈ ప్రాంతంలో విననివారుండరు. కొడవలి ఆకారంలోకి మారే రక్తకణాలు రోగిని తీవ్రమైన నొప్పులతో బాధిస్తాయి. తల్లిదండ్రుల నుండి బిడ్డలకు సంక్రమించే ఈ వ్యాధిని నిర్మూలించడానికి 2023 జులై 1న ప్రారంభమైన జాతీయ కార్యక్రమంలో ఛత్తీస్‌గఢ్‌తో పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు కూడా ఉన్నాయి. ఈ వ్యాధిని గూర్చిన ఒక హిందీ పుస్తకాన్ని తెలుగు చేస్తున్నప్పుడు, మందు వాడే రోగికి రక్తపరీక్ష ‘సమయ్ సమయ్ పర్’ చేయించాలన్న వాక్యం వచ్చింది. ‘అప్పుడప్పుడు’ అని వ్రాస్తే, వీలైనప్పుడు చేయించవచ్చునని తల్లి అనుకొనవచ్చు. ‘నిర్ణీత కాలవ్యవధుల్లో’ అంటే ఎంత వ్యవధి? ఒక్క మాట మీద బిడ్డ ఆరోగ్యం ఆధారపడియున్నది.

మూల పరిశోధన వ్యాసం కోసం వెదికాను. సారాంశం మాత్రమే కనిపించింది. మిగిలినది చదవాలంటే దాదాపు మూడు వేల రూపాయలు చెల్లించాలి. రచయితకు లేఖ వ్రాయగా ఆయన దయతో ప్రతిని పంపారు. సందేహం తీరింది. కాని అందులోని పట్టికను తెలుగు చేసి ముద్రించడానికి ఆయన అనుమతి చాలలేదు. ప్రచురణ హక్కును ఆయన అదివరకే ప్రచురణకర్తకు వ్రాసియిచ్చారు. చివరకు అనువాదానికి అనుమతి గల మరొక వ్యాసం ఆధారంగా పని పూర్తిచేశాను.

ఆలోచించండి. పరిశోధనకు రక్తం ఇచ్చినవారు పేదలు. ధనం ఇచ్చినది ప్రజల పన్నులు. ఫలితాన్ని వారి భాషలో చెప్పడానికి మాత్రం దూరదేశపు సంస్థ అనుమతి కావలసివచ్చింది!

ఈ అన్యాయాన్ని తొలగించడానికే ‘ఓపెన్ యాక్సెస్’ ఉద్యమం బయలుదేరింది. 2002 ఫిబ్రవరిలో వెలువడిన బుడాపెస్ట్ ప్రకటన దానికి రూపమిచ్చింది. రుసుము లేకుండా చదవడం ఇందులో ఒక భాగం మాత్రమే. రచయిత పేరు చెప్పి, ఎవరైనా ఆ వ్యాసాన్ని పంచుకొనే హక్కు రెండవ భాగం. క్రియేటివ్ కామన్స్ లైసెన్సులలో కొన్ని అనువాద హక్కును కూడా ముందే ఇస్తాయి. ఆంగ్లం రాని కోట్లాది ప్రజలకు ఈ హక్కే ప్రాణం.

మన దేశానికి ఈ భావం కొత్త కాదు. 1934లో సి.వి. రామన్ స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ తన పత్రికలను సొంత వెబ్‌సైటులో ఉచితంగా చదువనిస్తున్నది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన భాస్వర పరిమాణ నిర్ణయ పద్ధతిని నేడు విద్యార్థి ఇంటి నుండే ఉచితంగా చదువవచ్చు.

ప్రభుత్వం కూడా పెద్ద అడుగు వేసింది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ‘ఒకే దేశం – ఒకే చందా’ పథకాన్ని ఆమోదించి, మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 పత్రికలు 6,300కు పైగా ప్రభుత్వ సంస్థలకు అందేటట్లు ఏర్పాటైనది. ఇది మెచ్చుకొనదగినది. అయితే ఇది చందా. చందా ఉన్నంతవరకే తలుపు తెరచియుంటుంది. తొలి దశ ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకే పరిమితమైనది గనుక ప్రైవేటు కళాశాలలో చదివే కార్మికుని కుమార్తె, పల్లెలోని ఆశా కార్యకర్త, నావంటి అనువాదకుడు బయటనే నిలిచిపోయారు.

తెరచిన తలుపులోనూ ప్రమాదాలున్నాయి. పాఠకుని నుండి తీసుకొనని సొమ్మును కొన్ని పత్రికలు రచయిత నుండి వసూలు చేస్తాయి. ‘నేచర్’ పత్రిక ఒక వ్యాసానికి 9,500 యూరోల రుసుమును 2020లో ప్రకటించింది. మన యువ పరిశోధకుడు అంత ఎక్కడ తేగలడు? తక్కువ సొమ్ముకు వెంటనే అచ్చువేస్తామనే మోసగాళ్ళ చేతిలో పడతాడు. హైదరాబాదు కేంద్రంగా ఉన్న ఒమిక్స్ సంస్థ సాటి నిపుణుల పరిశీలన విషయంలోనూ, రుసుముల విషయంలోనూ రచయితలను తప్పుదోవ పట్టించిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దావా వేయగా, 2019లో అక్కడి న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించవలసిందిగా తీర్పు చెప్పింది. ఇది మన తెలుగుగడ్డ మీద జరిగినదని తలవంచుకొనడంతో సరిపోదు. మన పిల్లలను హెచ్చరించాలి.

కనుక నా మనవి మూడు మాటలు. వ్యాసం పంపే విద్యార్థి, ఆ పత్రికను తన గురువులు చదువుతారా అని ముందుగా అడగాలి. కేంద్ర శాస్త్ర సాంకేతిక, జీవసాంకేతిక శాఖల ధనంతో జరిగిన పరిశోధన అందరికీ అందేచోట భద్రపరచాలని 2014లోనే విధానం ఏర్పడింది. పరిశోధకులు దానిని శ్రద్ధగా పాటించాలి. ప్రజాధనంతో వెలువడే ప్రతి వ్యాసానికీ అనువాద హక్కు ముందే ఉండాలి.

హిందీలో వ్రాసినది తెలుగు తల్లికి, తెలుగులో వ్రాసినది ఛత్తీస్‌గఢీ తల్లికి అందిననాడు, రక్తపరీక్ష ఎప్పుడు చేయించాలో ఇద్దరికీ తెలుస్తుంది. సమైక్యత అంటే నాకు తెలిసిన అర్థం అదే.