బొమ్మలో కనపడని చేతులు

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



కూలి రేట్ల గురించి మాట్లాడుకుంటున్నచోట ఈవిడ బొమ్మల సంగతి ఎత్తిందేమిటని మీకనిపించవచ్చు. కాస్త ఓపిక పట్టండి.

ఆలిస్ రావెనెల్ యూజీ స్మిత్ 1876లో అమెరికా దక్షిణాది రేవుపట్నం చార్లెస్టన్‌లో పుట్టింది. అంతర్యుద్ధం ముగిసి అప్పటికి పదకొండేళ్లు. ఒకప్పుడు బాగా బతికిన కుటుంబమే గానీ ఆస్తి కరిగిపోయింది. ఆమె పెళ్లి చేసుకోలేదు. బొమ్మలనే జీవనాధారం చేసుకుంది. చాలావరకు సొంతంగా నేర్చుకున్నదే. బంధువొకాయన సేకరించిన జపాన్ అచ్చుబొమ్మల్ని చూసి చూసి చెక్క అచ్చుల పని పట్టుకుంది.

పెడన అద్దకం అచ్చులు చూసినవాళ్లకి ఈ పని సులువుగా అర్థమవుతుంది. గీత ఉండాల్సినచోట చెక్కని వదిలి తక్కినదంతా తొలిచేయాలి. ఒక్కో రంగుకి ఒక్కో చెక్క. కుంచెతో రంగు పూసి, తడి కాగితం పరిచి, వెనకనుంచి చేత్తో రుద్దాలి. జపాన్‌లో సంప్రదాయంగా గీసేవారు, చెక్కేవారు, అచ్చువేసేవారు వేరువేరు. ఈమె ఆ పనులన్నీ తన చేతులమీదే చేసుకుంది. 1923లో చార్లెస్టన్ ఎచర్స్ క్లబ్ పెట్టినవారిలో ఒకరు. తర్వాత నీటిరంగులవైపు మళ్లింది.

గీసిందంతా తన ప్రాంతాన్నే. చిత్తడి నేలలు, సైప్రస్ చెట్లు, కొంగలు, పొగమంచు. చాలా అందమైన బొమ్మలు. ఇక్కడితో ఆపితే మనకొక ఆదర్శ మహిళ దొరుకుతుంది. నేను ఆపలేను.

1936లో ఆమె ముప్ఫై నీటిరంగుల చిత్రాలతో ఒక పుస్తకం వచ్చింది. 1850లనాటి కరోలినా వరి ఎస్టేటు గురించి. అంటే తను పుట్టకముందటి కాలం. పక్కన తండ్రి జ్ఞాపకాలు. ఆ అడవి కొట్టి, గట్లు పోసి, పోటునీటిని తూములతో మడుల్లోకి మళ్లించింది బానిసలు. వారిలో చాలామంది పశ్చిమ ఆఫ్రికా వరి పొలాల నుంచి వచ్చినవారు. ఆడవాళ్లు మడమతో విత్తనం తొక్కి నాటేవారు, రోట్లో దంచేవారు, గడ్డితో అల్లిన చేటల్లో చెరిగేవారు. మలేరియా ఉండేది. పిల్లని ఎప్పుడు అమ్మేస్తారోనన్న భయం ఉండేది.

ఆ మనుషులు బొమ్మల్లో లేరని అనను. ఉన్నారు, కానీ చెట్టూ నీరూ ఉన్నట్టే ఉన్నారు, ప్రశాంతంగా. ఆమెది దురుద్దేశమని నాకనిపించదు. ఇంట్లో ప్రేమగా చెప్పిన కథని నమ్మింది. ఆ పుస్తకం వచ్చేనాటికి అక్కడి నల్లవారిని ఓటుకు దూరంగానే ఉంచారు. పాతరోజులు హాయిగా ఉండేవన్న బొమ్మ అప్పుడు ఎవరికి పనికొచ్చి ఉంటుందో మీరే ఆలోచించండి. తన కష్టంతో తను బతికిన స్త్రీ కూడా మరో స్త్రీ కష్టాన్ని ఇలా చూడగలదు. నాకు మింగుడుపడనిది ఇదే.

మనం మాత్రం? సమాన వేతనాల పోస్టరుకని ఒకసారి నేనే నాట్ల ఫోటో ఎంచాను. పచ్చటి మడి, రంగురంగుల చీరలు, వరసగా వంగిన నడుములు. ఊళ్లో గోడకి అంటిస్తుంటే ఒక కూలీ అక్క చూసి, "అందరం వంగే ఉన్నాం, ఒక్కరి మొహమూ లేదేంటమ్మా? అసలు ఎంతిస్తున్నారో కూడా రాయలేదు" అంది.

ఆ పోస్టర్లు ఇంకో రెండువందలు మిగిలాయి. వాటి వెనకవైపు మగకూలి ఎంతో ఆడకూలి ఎంతో ఆమె చెబుతుంటే స్కెచ్ పెన్నుతో రాసి, అటువైపే అంటించాం.