కాంతి తంతువు చూపు లెక్క



సాహిత్యము చదివి ఫైళ్ళ నడుమ పడినవాడు విజ్ఞానవిషయము మాటలాడుట మీకు వింతగా తోచవచ్చును. కాని కాన్సరు మాట వినని కుటుంబము నేడు అరుదు. కిరణ చికిత్స గదిలో రోగి ఒంటరిగా నుండును. తలుపు మూసిన పిమ్మట ఆతనికి అందిన మోతాదు ఎంతయో ఎవరు చూచుచున్నారు?

1996లో కోస్టారికా రాజధాని సాన్ హోసేలో ఒక ఆసుపత్రివారు కోబాల్టు మార్చి, క్రొత్తదాని బలమును లెక్కకట్టుచు, 0.3 నిమిషమును 30 సెకండ్లుగా గ్రహించిరి. నిజమునకు అది 18 సెకండ్లే. కోబాల్టు బలము తక్కువయని తలచి ప్రతి రోగిని అధికకాలము కిరణముల క్రింద నుంచిరి. 115 మంది అధిక మోతాదునకు గురియైరి, కొందరు మరణించిరి. మన పద్దులలో దశాంశము తప్పిన ఆడిటువారు అభ్యంతరము వ్రాయుదురు, మనము దిద్దుకొందుము. అచ్చట దిద్దుటకు వీలేది? రోగి శరీరముపైననే మోతాదును కొలిచియుండినచో ఆ తప్పు తొలిదినములలోనే బయటపడెడిది.

అట్లు కొలుచుటకు స్ఫటికపు బిళ్ళలు కలవు. వానిని తరువాత వేడిచేసి చదువవలెను. అనగా చికిత్స ముగిసినగాని ఫలితము తెలియదు. కాంతి తంతువు అప్పటికప్పుడే చెప్పును. గాజుపోగుల కట్టద్వారా బొమ్మను పంపవచ్చునని 1954లో లండనునందు హాప్‌కిన్స్‌తో కలసి చూపినవాడు మన పంజాబీయుడు నరీందర్ సింగ్ కపానీ. కిరణములు తాకినంతనే మినుకుమను చిన్న ప్లాస్టిక్ ముక్కను అట్టి తంతువు కొనకు అతికింతురు. గ్రహించిన శక్తికి తగినంత వెలుగు పుట్టి, తంతువు వెంట ప్రక్కగదికి చేరును. అచ్చట దానిని విద్యుత్తుగా మార్చి గ్రేలలో చదువుదురు. కిలోగ్రామునకు ఒక జౌలు శక్తి అందిన ఒక గ్రే. రోగివైపు విద్యుత్తే లేదు. ఆ ప్లాస్టిక్ కిరణములను ఇంచుమించు నీటివలెనే గ్రహించును గనుక, మన దేహమునకు అది మంచి ప్రతినిధి. 1992లో బెడ్డార్, మాకీ, ఆటిక్స్ అనువారు ఈ పద్ధతిని వివరముగా ప్రకటించిరి.

ఐతే తంతువును కల్లలాడగలదు. కిరణములు తగిలినపుడు దానియందే మరియొక నీలివెలుగు పుట్టును. 1934లో చెరెన్‌కోవ్ గుర్తించినది అదియే. ముక్క లేని వట్టి తంతువును ప్రక్కనే యుంచి, దాని వెలుగును మొత్తమునుండి తీసివేయుదురు. ఈ తీసివేత కుదిరినదా లేదా యని ఆసుపత్రి భౌతికశాస్త్రజ్ఞుడు ప్రామాణిక పరికరముతో సరిచూచిన పిమ్మటనే ఆ అంకెను రోగి కాగితముపై వ్రాయవలెను.