క్రొత్త గ్రంథకర్తలు – గ్రంథప్రచురణము
(మన సంఘ వార్షిక మహాసభయందు చదివిన యుపన్యాసము)



మన సంఘమున వ్రాయువారికి కొదువ లేదు. ఈ సభలకు వచ్చినపుడెల్ల ఎవరో యొకరు నన్ను ప్రక్కకు పిలిచి, సంచినుండి యొక నోటుపుస్తకమును తీసి, "మాస్టరుగారూ, దీనిని అచ్చు వేయింపవలెనని యున్నది. ఎంత యగును?" అని యడుగుచుందురు. బడిలో చాలకాలము చెప్పినవాడను గనుక, ప్రశ్న సరిగా లేనిచో ముందు ప్రశ్ననే దిద్దుట నాకు అలవాటు. "ఎంత యగును?" అనునది ముద్రణాలయమువారి నడుగవలసినది. గ్రంథకర్త తన్ను తాను అడుగుకొనవలసినది "ఎవరు చదువుదురు?" అని.

సంస్కృతమున ముద్ర యనగా గుర్తు, ప్రచురమనగా విస్తారము. కాగితముపై అక్షరములను గుర్తు వేయుట ముద్రణము. ఆ కాగితములను పలువురి చేతులకు అందించుట ప్రచురణము. మొదటిదానికి ధనము చాలును, రెండవదానికి చాలదు. ఈ భేదము నెఱుగకయే మనవారు నష్టపడుచున్నారు. నాయొద్ద చదువుకొన్న యువకుడొకడు, ప్రచురింతుమని చెప్పిన యొక సంస్థకు అడిగిన సొమ్మంతయు ముందే చెల్లించెను. ఐదువందల ప్రతులు వచ్చినవి. అట్టలును అందముగనే యున్నవి. కాని యా సంస్థ ఒక్క యంగడికైనను పుస్తకమును పంపలేదు. పంపుదుమని ముందుగా వ్రాసి యిచ్చినదియు లేదు. నాలుగువందలకు పైగా ప్రతులు నేటికిని అతని మంచము క్రిందనే యున్నవి. ఆ కథలు మంచివి. పిదప అతడు మరల కలము పట్టలేదు. పోయిన ధనముకంటె నాకు అదియే యెక్కువ బాధ కలిగించుచున్నది.

పూర్వము కావ్యమునకు కృతిభర్త దొరకవలసి యుండెను. అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట మార్గము మాఱినది. వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనీ పత్రికను స్థాపించిరి. వారి రాజశేఖరచరిత్రము ముందుగా పత్రికాముఖమున వెలువడి, 1880లో గ్రంథరూపము దాల్చినది. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మిత్రులతో గూడి నెలకొల్పిన విజ్ఞానచంద్రికా మండలి, చందాదారులను చేర్చుకొని వరుసగా గ్రంథములను వెలువరించినది. పాఠకులను ముందు సమకూర్చుకొని పుస్తకమును వారియొద్దకు చేర్చుట వారి రహస్యము. మనవారు పుస్తకమును ముందు వేసి పాఠకులను పిదప వెదకుచున్నారు.

కావున తొలి గ్రంథము వ్రాసినవారు ముందుగా అందలి రెండు మూడు భాగములను పత్రికలకు పంపవలయును. తిరిగివచ్చినను చింతలేదు; తిరిగివచ్చుటయు ఒక పరీక్షయే. పిదప, బంధువులు కాని యిద్దఱిచేత చదివింపవలయును. మేనమామగారి మెప్పు విమర్శ కాదు. అటుపిమ్మట, అట్టి గ్రంథములనే ప్రకటించుచున్న ప్రచురణకర్త యెవరో వారి పట్టికను చూచి తెలిసికొని, గ్రంథసారమును ఒక పుటలోను, ఒక ప్రకరణమును మాదిరిగాను పంపవలయును. ఉన్న యొక్క ప్రతిని ఎవరి చేతను పెట్టరాదు.

ప్రచురణకర్త తన సొమ్ముతో వేసినచో రచయితకు రాయల్టీ నిచ్చును; వెలలో పదింట నొక పాలిచ్చుట వాడుకలో నున్నది. మీ సొమ్మడిగినచో మీరు రచయితగాక ఖాతాదారు లైనట్లే. అపుడు ఎన్ని ప్రతులు, ఏ కాగితము, ఏ యంగళ్లకు ఎన్ని, లెక్క యెన్నడు చూపుదురు అను సంగతులన్నియు కాగితముపై నుండవలయును. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము హక్కుల బదిలీ వ్రాతమూలకముగా, సంతకముతో నుండినగాని చెల్లదు. కాలపరిమితి వ్రాయనిచో ఐదేండ్లకే చెల్లును. ఆ హక్కు రచయిత మరణానంతరము అఱువదియేండ్లు వారసులకు నిలుచు ఆస్తి. ఐదెకరముల పొలము నమ్మునపుడు నలుగురి నడుగు మనవారు, దీనిని మాత్రము చదువకయే వ్రాలు చేయుచున్నారు!

ఇక స్వయముగా వేయించుకొనువారి మాట. పుస్తకము పుటలలో గాక ఫారములలో లెక్కకు వచ్చును. డెమ్మీ ఎనిమిదవ వంతు పరిమాణమున ఫారమునకు పదునాఱు పుటలు. 128 పుటలు ఎనిమిది ఫారములు. 130 పుటలైనచో తొమ్మిదవ ఫారము పడును. రెండు పుటలు కుదించుటకు నేర్చినవాడు కొంత సొమ్మును, చాలసార్లు కొంత శైలిని కూడ రక్షించుకొనును. అను లిపిలో కూర్చిన ప్రతిని యూనికోడునకు మార్చునపుడు వత్తులు, సంయుక్తాక్షరములు చెదరుచుండును. కావున మార్చిన పిదప మరల మొదటినుండి ప్రూఫు చూడవలయును. ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యను రాజా రామమోహనరాయ్ జాతీయ సంస్థ ఉచితముగనే యిచ్చుచున్నది. దానికై ఎవరైన రుసుము నడిగినచో జాగ్రత్త. 1954 నాటి చట్టము ననుసరించి, వెలువడిన ముప్పది దినములలో కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, మద్రాసు కన్నెమరా మొదలగు మఱి మూడు గ్రంథాలయములకును ఒక్కొక్క ప్రతి పంపవలయును. మీ మంచము క్రింది ప్రతులు చెదలపాలైనను అవి నిలుచును.

ఎక్కువ ప్రతులు వేసినకొలది ఒక్కొక్క ప్రతికి ఖర్చు తగ్గునన్నది నిజమే. ఆ యాశయే వేయి ప్రతులు వేయించును. రూ. 150 వెలగల పుస్తకమునకు విక్రేత నూటికి నలువది తీసికొన్నచో మీకు మిగులునది రూ. 90. అందుండియే ముద్రణవ్యయమును, తపాలాఖర్చును పోవలయును. నేడు నూఱు ప్రతులైనను వేసియిచ్చు యంత్రములున్నవి గనుక తొలి పుస్తకమునకు నూఱో, రెండు నూఱులో చాలును.

సహాయమునకును మార్గములు లేకపోలేదు. ధార్మిక గ్రంథముల ముద్రణకు తిరుమల తిరుపతి దేవస్థానమువారు ధనసహాయము చేయుచున్నారు. ముప్పది యేండ్లలోపువారికై 2021లో కేంద్రప్రభుత్వము నేషనల్ బుక్ ట్రస్టు ద్వారా ఒక పథకమును ప్రారంభించి, తెలుగుతో సహా పలు భాషలలో 75గురిని ఎన్నుకొని, ఆఱు నెలలు నెలకు రూ. 50,000 వంతున ఇచ్చినది. మన పిల్లలు ఇట్టి ప్రకటనలను కనిపెట్టి యుండవలయును.

పోషకులైన మహాశయులకు ఒక మనవి. ఆవిష్కరణసభలలో శాలువలకును ఫలహారములకును మనము చేయు వ్యయము, పుస్తకములు కొనుటకు చేయు వ్యయమునకు ఎన్నియో రెట్లు. సభ ముగిసిన పిదప "నాకొక ప్రతి యిమ్ము నాయనా" అని ఉచితముగా గైకొని పోవుదుము. శాలువ కప్పించుకొన్న గ్రంథకర్త బస్సు ఖర్చులకు తడవుకొనుట నేను చూచితిని. సంఘము ఏటేట ఒక్క తొలి గ్రంథమును, మన కులమువారు కాని యిద్దఱు పండితులచేత పరీక్షింపజేసి, వారు యోగ్యమన్నచో నూఱు ప్రతులను ముందుగా వెలయిచ్చి కొని, మన విద్యార్థి వసతిగృహములకును పల్లె గ్రంథాలయములకును పంచవలెనని కోరుచున్నాను. ఈ తీర్మానపు చిత్తుప్రతిని కార్యదర్శిగారి చేతికిచ్చితిని. రేపటి కార్యవర్గ సమావేశమున దానిని చర్చకు తేవలసినదిగా ప్రార్థించుచున్నాను.