సంతకానికి ముందు కాగితం చదవండి



నేను విమానం నడిపినవాణ్ణి కాదు. ఎయిర్ ఫోర్సు అకౌంట్స్ బ్రాంచిలో పనిచేసి రిటైరయ్యాను. నడిపేవాళ్ళ జీతాల లెక్కలు చూసినవాణ్ణి. మన పిల్లల్లో కొత్తగా కమర్షియల్ పైలట్ లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళకి నాలుగు మాటలు చెబుతాను.

మా మేనల్లుడు 200 గంటల ఫ్లయింగ్ పూర్తిచేసి, లైసెన్సు తీసుకుని, ఒక చిన్న సంస్థలో చేరాడు. నెలకి రెండు లక్షలు. "మామయ్యా, ఉద్యోగం వచ్చింది" అని ఫోన్ చేశాడు. కాగితం నాకు చూపించింది మాత్రం ఏడాది తర్వాత. అందులో ఉద్యోగి అన్న మాటే లేదు, కన్సల్టెంట్ అని ఉంది.

"నెలనెలా పది శాతం టీడీఎస్ కోశారుగా, పన్ను అయిపోయినట్టే" అనుకున్నాడు వాడు. లెక్క చూడండి. ఏడాదికి 24 లక్షలు. కోసింది 2,40,000. ఖర్చులేవీ చూపకపోతే, 2025-26 కొత్త విధానం రేట్ల ప్రకారం సెస్సుతో కలిపి పన్ను 3,12,000. అంటే 72,000 బాకీ. జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి 15 తేదీల్లో అడ్వాన్స్ టాక్సు కట్టలేదు కనుక దానిమీద వడ్డీ. హెడ్‌సెట్‌కీ, లైసెన్సు రెన్యువల్‌కీ పెట్టిన ఖర్చు ఫీజులోంచి తీసేసి చూపొచ్చు. బిల్లులు దాచుకుంటే కదా!

జీఎస్టీ సంగతి మరొకటి. ఇలా సేవల మీద వచ్చేది ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. వాడికి పదకొండో నెలలో దాటింది. ఆ 18 శాతం సంస్థ పైన ఇస్తుందా, ఫీజులోనే కలిసుందా? కాగితంలో ఒక్క ముక్క లేదు.

పన్ను ఒక్కటే కాదు. పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు. మనకి సర్వీసులో కాలు విరిగి ఆస్పత్రిలో పడుకున్నా జీతం ఆగలేదు. వీడికి మెడికల్‌లో అన్‌ఫిట్ అయితే ఆ నెలనుంచే ఫీజు బంద్. ట్రైనింగు అప్పు వాయిదా ఆగదు.

రిటైరై ఎగురుతున్న మిత్రులకూ ఒక మాట. పెన్షన్ జీతం కింద, ఫీజు వృత్తి ఆదాయం కింద వస్తాయి. స్లాబు మాత్రం రెండూ కలిపే.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి. పాత నంబర్లు పట్టుకు కూర్చోకుండా ఆడిటర్ని కలవండి. ఫీజు రాగానే కొంత వేరే ఖాతాలో వేయండి.

మేనల్లుడు బాకీ నా దగ్గర చేబదులు తీసుకుని కట్టాడు. ఈసారి కొత్త కాంట్రాక్టు సంతకానికి ముందే నాకు పంపాడు.

జై హింద్.