చెంచుల పట్టా కాగితం మన పెట్టెలో ఎందుకుంది?

(మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాకటి నుంచి కంది ధర, వెలిగొండ నీళ్లు మాట్లాడుకున్నాం. నన్ను చెంచుల గురించి చెప్పమన్నారు. నేను చదివింది పదో తరగతి. దోర్నాల పక్కన అడవి అంచున యాభై ఏళ్లుగా సేద్యం చేసుకుంటున్నవాణ్ణి కాబట్టి చూసింది చెబుతా.

మనకు చెంచులంటే ఎవరు? మిరప చేలో రాత్రిళ్లు పందుల కాపలా ఉండేవాడు, కాయ కోతకొచ్చే ఆడమనిషి, సంతలో తేనె సీసా అమ్మేవాడు. అంతే. పాలుట్ల, చింతల, తుమ్మలబైలు మన పక్క గూడేలే. అయినా మనలో ఎంతమంది అక్కడ మంచినీళ్లు తాగి ఉంటారు? 2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రం మొత్తానికి వాళ్లు 64 వేల చిల్లర మంది. మార్కాపురం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. జిల్లాలు మారినా నల్లమలకు అటూ ఇటూ ఉన్న చెంచులు ఒకరికొకరు చుట్టాలే.

కొండతేనె తీయడం చిన్నప్పుడు ఒకసారి చూశా. చీకటి పడ్డాక పొగ పెట్టి, బండ అంచు నుంచి తాడు వదిలి మనిషి దిగుతాడు. పైన తాడు పట్టుకునేది అన్నదమ్ముడు కాదు, బావమరిది. ఎందుకన్నా అంటే, "అక్క తాళి తెగనిస్తాడా?" అన్నాడు ఆ పెద్దాయన. పట్టు మొత్తం కోయలేదు, కొంత వదిలేశాడు. గడ్డ తవ్వినా అంతే. తీగ మొదలు మళ్లీ మట్టిలో పెట్టి కప్పుతారు. మనం బోరు మీద బోరు వేసి భూమి అడుగు దాకా తోడినవాళ్లం, ఈ మాట మన చెవికి కాస్త గట్టిగానే తగలాలి.

వాళ్ల నమ్మకాలు కూడా ఈ పనిలోనే ఉన్నాయి. హైమెన్‌డార్ఫ్ అనే ఆయన కృష్ణ అవతల చెంచుల మధ్య తిరిగి 1943లో పుస్తకం అచ్చువేశాడు. వేట దొరికితే గారెల మైసమ్మకు ముందు ముక్క పెట్టాకే తింటారని అందులో ఉంది. అడవి ఆమెది, మనం అడిగి తీసుకుంటున్నాం అన్న లెక్క. శ్రీశైలం మల్లన్న వాళ్లకు చెంచు మల్లయ్య. గిద్దలూరు ఘాటు దాటి పోతే అహోబిలం. అక్కడి నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడి వాళ్లకు అల్లుడయ్యాడు. కనుమ నాడు మొదలయ్యే పారువేటలో స్వామి పల్లకి ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతుంది, తన పెళ్లికి రమ్మని పిలవడానికి. చెంచులు ఆ పల్లకి మీదికి బాణాలు వేస్తారు. దేవుడి అత్తగారింటివాళ్లని ఆ రోజు మనమే గొప్పగా చెప్పుకుంటాం. మర్నాడు కూలి దగ్గర మాత్రం అడ్వాన్సు తీరలేదని సగం కోస్తాం.

ఇప్పుడు అసలు సంగతి. మా నాయన పోయాక ట్రంకు పెట్టె తీస్తే ఒక చెంచు కుటుంబం డీకేటీ పట్టా బయటపడింది. రెండెకరాల ఎర్రనేల. జబ్బు చేసినప్పుడు మూడు వేలు ఇచ్చి కాగితం పెట్టుకున్నాడు. పదకొండేళ్లు ఆ చేలో కంది మేమే కోసుకున్నాం. ఆ ఇంటి మనిషి మా దగ్గరే కూలికొచ్చేది, తన చేలోనే. ఒక్కసారి మాత్రం అడిగింది: "అయ్యా, ఆ మూడు వేలు ఇంకా తీరలేదా?" నాకు జవాబు రాలేదు. అప్పటికి నేను సంఘంలో ఉన్నా, రుణమాఫీ కావాలని జెండా పట్టుకొని తిరుగుతున్నా.

మన దిక్కు షెడ్యూల్డ్ ప్రాంతం కాదు కాబట్టి 1/70 చట్టం వర్తించదు, నిజమే. అంతమాత్రాన అడ్డు లేదనుకోవద్దు. ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి చేతులు మారకూడదని 1977లో అసైన్డ్ భూముల చట్టం వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉంటుంది, వారసులకు పోతుంది, అమ్మడానికి వీల్లేదు. అదే చట్టం తేనె, బంక, చిల్లగింజల మీద హక్కు ఇచ్చింది. చెంచుల్లాంటి తెగలకు వాళ్లు తరతరాలుగా తిరిగే అడవి మీద సామూహిక హక్కు కూడా అడగొచ్చంది. ఆ దరఖాస్తు గ్రామసభ నుంచే పైకి పోవాలి. పులుల అడవిలో ఉన్నామని వాళ్లు భయపడతారు. దరఖాస్తు రాసిపెట్టేవాడు లేడు. గ్రామసభలో కూర్చునేది మనమే, చెయ్యెత్తాల్సిందీ మనమే.

మా పెట్టెలోది నేను ఇచ్చేశా. చాలా ఆలస్యంగా ఇచ్చా, ఆ పెద్దమనిషి అప్పటికే లేడు. కొడుకు ఇప్పుడు అదే చేలో జొన్న, కంది వేస్తున్నాడు. పందులు సగం తింటున్నాయి, అది మనందరి గోలే.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఇంకో నాలుగైదు ఇళ్లలో ఇట్లాంటి కాగితాలున్నాయని నాకు తెలుసు. పేర్లు చెప్పను. భోజనాలయ్యాక నా దగ్గరికి రండి. కంది కోతలు కాగానే ఒక ఆదివారం చూసుకొని, కాగితాలు తీసుకొని గూడేనికి కలిసే పోదాం. దరఖాస్తు ఫారాలు నేను తెస్తా.