కెమెరాకూ అనుమతి కావాలి
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలు గల్ఫ్‌లోనో, హైదరాబాదులోనో ఉంటారు. ఊళ్ళో అమ్మీ, అబ్బా మాత్రమే మిగులుతారు. కొన్ని ఇళ్ళలో ఒక్కరే. రాత్రిపూట జారిపడితే తెల్లవారేదాకా ఎవరికీ తెలియదు. అందుకే అలాంటి ఇళ్ళలో కెమెరాలు పెట్టించండి, ఖర్చు మేమిస్తామని దాతలు ముందుకొస్తున్నారు. అల్లాహ్ వారికి మంచి ప్రతిఫలం ప్రసాదించుగాక. అయితే ఒక్క మనవి. మొదట అడగాల్సింది కొడుకును కాదు, ఆ గదిలో ఉండే మనిషిని.

దివ్య ఖుర్‌ఆన్‌లోని నూర్ సూరా 58వ ఆయతు మూడు వేళలను మరుగు వేళలుగా పేర్కొంది. ఫజర్ నమాజుకు ముందు, మధ్యాహ్నం బట్టలు సడలించుకొని విశ్రమించేటప్పుడు, ఇషా నమాజు తర్వాత. ఆ వేళల్లో ఇంట్లోని సేవకులు, చిన్నపిల్లలు సైతం అనుమతి అడిగే లోపలికి రావాలి. గోడకు బిగించిన కెమెరా ఆ మూడు వేళల్లోనూ అడగకుండానే లోపల ఉంటుంది. దుపట్టా తీసి పడుకున్న తల్లి దృశ్యం ఎవరి ఫోనులో తెరుచుకుంటుందో ఆమెకు తెలియదు.

దేశ చట్టమూ ఇదే వైపు ఉంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పింది. ఆ కేసు వేసిన విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో కోర్టుకెళ్ళేనాటికే ఎనభై దాటిన పెద్దాయన.

అవసరాన్ని బట్టి పరికరం ఎంచుకుందాం. మెడలో వేసుకునే బటన్ నొక్కితే పొరుగువారికి ఫోను వెళ్తుంది. స్పృహ తప్పుతుందన్న భయముంటే పడిపోవడాన్ని పసిగట్టే వాచీలున్నాయి. తలుపు సెన్సరు తలుపు తెరిచారని చెబుతుందే గాని బొమ్మ పంపదు. ఇవి చాలవని పెద్దవారే అంటే హాల్లో కెమెరా పెట్టవచ్చు. పడకగదిలో, స్నానాలగదిలో వద్దు. ఎవరు చూస్తారో ముందే చెప్పాలి. పనిమనిషి మారిన రోజే పాస్‌వర్డు మార్చాలి. మతిమరుపు ముదిరినవారి విషయంలో ఇంటివారు నిర్ణయించినా, వారికి చెప్పే పెట్టాలి. వారు చేత్తో తోసేస్తే ఆపాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి. నెలనెలా మన రేషన్, మందులు అందుకునే అవ్వ మన మాట కాదనలేదు. "మీ ఇష్టం బాబూ" అంటుంది. అది సమ్మతి కాదు, మొహమాటం. కాబట్టి ఆమె వద్దన్నా సాయం ఆగదని ముందే చెప్పి, ఆ తర్వాతే అడగాలి. పెట్టాక వద్దంటే ఆ రోజే తీసేయాలి.

దాతలారా, మీ సొమ్ము దేనికి ఖర్చయిందో లెక్క అడగండి, తప్పక చూపిస్తాం. పెద్దల ఫొటోలు, వీడియోలు మాత్రం అడగకండి. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్న మన సంప్రదాయం పుచ్చుకునేవారి పరువును కూడా కాపాడుతుంది.

అల్లాహ్ మన పెద్దలకు ఆరోగ్యాన్ని, మనకు వారి గౌరవాన్ని నిలిపే బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.